అత్తయ్యకి ఆల్జీమర్స్ అని తేలేదాకా మా ఇంట్లో ఏం జరిగిందంటే (నా అనుభవం)

మా అత్తయ్యకి 76 ఏళ్ళు. ఆల్జీమర్స్ (మతిమరుపు రాను రాను ముదిరే మెదడు జబ్బు) మొదటి దశ అని 2024 సెప్టెంబర్‌లో డాక్టర్ చెప్పారు. ఏదో తేడాగా ఉందని అనిపించడం మొదలైన దగ్గర్నుంచి ఆ మాట వినేదాకా ఏడాదిన్నర దాకా పట్టింది, అందులో ఆస్పత్రుల చుట్టూ తిరిగింది సగమే, మిగతా సగం ఇంట్లో ఒకళ్ళ మీద ఒకళ్ళం విరుచుకుపడటానికే సరిపోయింది. టెస్టుల గురించీ మందుల గురించీ ఎవరో ఒకరు చెప్తారు, ఈ రెండో సగం గురించి మాకెవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపికున్నవాళ్ళు చదవండి.

2023 ఏప్రిల్ ఆ ప్రాంతంలో తాళాల గొడవతో మొదలైంది. బీరువా తాళాలు ఎవరైనా తీస్తారేమోనని ఆవిడే చోటు మార్చేవారు, మార్చిన సంగతి మర్చిపోయేవారు, ఇక దొరక్కపోతే ఎవరో తీసినట్టేగా. ఇంట్లో ఉండేది నలుగురం, అత్తయ్య, మామయ్య, మావారు, నేను. అందులో బయటి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "నేను నిన్ను ఏమీ అనట్లేదమ్మాయ్, తాళాలకి కాళ్ళొచ్చి నడిచెళ్ళాయా అంటున్నా అంతే" అనేవారు. ఒకసారి దిండు గలీబులో దొరికాయి, ఇంకోసారి పాత చెప్పుల డబ్బాలో. దొరికాక అయినా శాంతిస్తారా అంటే అదీ లేదు, "చూశావా, అడిగేసరికి తెచ్చి ఇక్కడ పెట్టేశారు" అనేవారు. దీన్ని మతిమరుపు అని ఎలా అనుకుంటాం చెప్పండి? కోడలంటే గిట్టట్లేదు అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా, పాతికేళ్ళు కలిసున్నాక ఇప్పుడు బయటపడింది ఈవిడ అసలు మనసు అనుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో.

మా వదిన, అంటే మావారి అక్క, దూరంగా ఉంటుంది, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. తాళాల కథ ఆవిడకి అత్తయ్య నోటి నుంచే వెళ్ళింది. వదిన తమ్ముడికి ఫోన్ చేసి "అమ్మని మీ ఆవిడ ఏడిపిస్తోంది, నువ్వు చూస్తూ ఊరుకుంటున్నావ్" అంది. అమ్మకి మతిమరుపు వస్తోందేమో అక్కా అని ఈయన అంటే ఆవిడ నవ్వేసిందట. ఎందుకు నవ్వదు, ఫోన్లో అత్తయ్య మనవళ్ళని పేరు పేరునా అడిగేవారు, పెద్దవాడి ఇంటర్వ్యూ ఏమైంది, చిన్నదాని పరీక్షలు ఎప్పుడు, మీ ఆయన మోకాలి నొప్పి తగ్గిందా అని అన్నీ కరెక్టుగా. "అమ్మకి నాకంటే ఎక్కువ గుర్తున్నాయిరా" అంది. ఆ తర్వాత వదినా నేనూ కొన్ని నెలలు మాట్లాడుకోలేదు. (ఈ ఫోన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.)

2023 డిసెంబర్‌లో బ్యాంకులో సంతకం కలవలేదన్నారు. డబ్బులు తీయడానికి మామయ్యతో వెళ్ళారు, ఫారం మీద సంతకం పెడితే మ్యాచ్ అవ్వట్లేదు మళ్ళీ పెట్టండి అన్నారట. మళ్ళీ పెట్టారు, అదీ కలవలేదు, మూడోసారి పెన్ను పట్టుకుని అలా కూర్చుండిపోయారట. ఇంటికొచ్చి కౌంటర్లో అమ్మాయికి పొగరు అన్నారు. మామయ్య కూడా అవునవును పొగరే అన్నారు. ఆ ఫారం మావారు తర్వాత చూశారు. సంతకంలో ఇంటిపేరు తర్వాత ఒక అక్షరం రెండుసార్లు రాసి ఉంది, చివర వంపు తిప్పే చోట పెన్ను ఆగి ఆగి సిరా చుక్కలు పడ్డాయి. నలభై ఏళ్ళుగా ఒకే ఊపులో పెట్టిన సంతకం అది. ఆ కాగితం చూశాకే ఈయన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం అన్నారు, నేను ఎన్ని నెలల నుంచి చెప్తున్నానో వదిలేయండి.

వెళ్ళడం ఒక పెద్ద ప్రహసనం. "నాకేం పిచ్చా" అన్నారు. మామయ్య కూడా "ఈ వయసులో అందరికీ ఉండేదే, మీరు లేనిపోని జబ్బులు అంటగట్టకండి" అన్నారు. చివరికి ఇద్దరికీ బీపీ చెకప్ అని చెప్పి 2024 జనవరిలో మామూలుగా చూపించుకునే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళాం. ఇక్కడ పనికొచ్చిన చిట్కా ఒకటి. పేషెంట్ ఎదురుగా అవన్నీ చెప్పలేం, చెప్తే అక్కడే యుద్ధం. నేను ముందే ఒక కాగితం మీద ఏం జరుగుతోందో, ఎప్పటి నుంచో, ఏ మందులు వాడుతున్నారో రాసి రిసెప్షన్లో ఇచ్చి డాక్టర్‌కి ముందు పంపించమన్నా. ఆయన అది చదివేసి ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అత్తయ్య ఆ పది నిమిషాలు ఎంత చక్కగా మాట్లాడారంటే నాకే అనుమానం వచ్చింది, నేనే ఏమన్నా ఊహించుకుంటున్నానా అని. బయటివాళ్ళ ముందు కాసేపు బాగానే నెట్టుకొచ్చేయగలరు, ఇంటికొచ్చాక దానికి రెట్టింపు అలసట, చిరాకు. తర్వాత ప్రతిసారీ ఇదే చూశాం.

ఆ డాక్టర్ వెంటనే పేరు పెట్టలేదు. మందులన్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టమన్నారు. అత్తయ్య నిద్ర కోసమని ఏళ్ళ తరబడి ఒక పాతరకం ఎలర్జీ టాబ్లెట్ వేసుకుంటున్నారు, జలుబుకి ఎప్పుడో రాసిచ్చింది, నిద్ర బాగా పడుతోందని మానలేదు. అలాంటివి పెద్దవాళ్ళలో జ్ఞాపకశక్తిని బాగా మబ్బు కమ్మిస్తాయట, ముందు అది మాన్పించారు. తర్వాత రక్తపరీక్షలు, థైరాయిడ్, బి12, షుగర్, సోడియం, కిడ్నీ, లివర్ అన్నీ. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇక చూడండి మా ఇంట్లో సంబరం. మామయ్య అయితే "నేను చెప్పలా, విటమిన్ తక్కువైంది అంతే" అని వదినకి ఫోన్ చేసి మరీ చెప్పారు. వినికిడి పరీక్ష కూడా చేయించారు, ఒక చెవిలో గులిమి గట్టిగా పట్టేసింది, అది తీశాక కూడా రెండు చెవులకీ కాస్త తగ్గిందన్నారు. వినపడని మాటని మర్చిపోయిన మాట అనుకుంటాం మనం, ఆ తేడా ముందు తేలాలి అన్నారాయన. మిషన్ కొన్నాం. మొత్తం ఈ వ్యవహారంలో ఎక్కువ డబ్బు పోయింది స్కానింగ్‌కి, ఈ చెవి మిషన్‌కే. ఆవిడ దాన్ని తీసి రుమాల్లో చుట్టి దాచేస్తారు, మళ్ళీ వెతుకులాట, మళ్ళీ ఎవరు తీశారు.

మూడు నెలలు చూశాం. మనిషి కాస్త చురుగ్గా అయ్యారు, నీరసం తగ్గింది, కానీ మర్చిపోవడం అలాగే ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకే సాయంత్రం ఒకే ప్రశ్న నన్ను అడిగి, మావారిని అడిగి, మళ్ళీ నన్ను అడిగి, మామయ్యని అడిగారు. ఆ మూడు నెలలూ దండగ అని మావారు అంటారు, నేననను. బాగయ్యేవి ఉంటే ముందు అవి తేల్చుకోవాలి కదా.

అక్కడి నుంచి న్యూరాలజిస్ట్‌కి రాశారు. అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు నెలల పైనే పట్టింది, జులైకి వచ్చింది. ఆ రోజు ఒక గంట పైగా జ్ఞాపకశక్తి పరీక్షే. ఈ రోజు తారీఖు, నెల, ఏ అంతస్తులో ఉన్నాం, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమనడం, వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం. మామయ్య కుర్చీలో కూర్చుని ప్రతిదానికీ పెదాలు కదుపుతున్నారు, తారీఖు అడిగితే వేళ్ళు చూపిస్తున్నారు. డాక్టర్ రెండుసార్లు చూసి నవ్వి "పెద్దాయనా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు. అత్తయ్య 93 అన్నారు, 86 అన్నారు, ఆగిపోయారు. ఇంటి లెక్కలన్నీ నోటితో వేసిన మనిషి. "ఏంటండీ ఇది, చిన్నపిల్లలకి పెట్టినట్టు" అని కోపం తెచ్చుకున్నారు. గడియారం బొమ్మ వేయమంటే గుండ్రం చాలా నీటుగా గీశారు, పన్నెండు అంకెలూ కుడివైపే కుక్కేశారు, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటే ఒక ముల్లు పది మీద, ఇంకోటి పదకొండు మీద పెట్టారు. పెట్టి "సరిపోయిందా" అని నా వైపు చూశారు. సరిపోయింది అత్తయ్యా అన్నా, ఇంకేం అనాలి. ముప్ఫైకి 21 వచ్చింది. మూడు మాటల్లో ఒక్కటి కూడా రాలేదు, అసలు మాటలు చెప్పినట్టే గుర్తులేదన్నారు.

తర్వాత ఆవిడని నర్సు దగ్గర కూర్చోబెట్టి మాతో విడిగా మాట్లాడారు. ఎప్పటి నుంచి అని అడిగితే మావారు ఏడాది అన్నారు. మామయ్య చాలాసేపు నేల చూసి "రెండేళ్ళ పైనే డాక్టర్ గారూ" అన్నారు. అని జేబులోంచి ఒక చిన్న డైరీ తీశారు. అది మా ల్యాండ్‌లైన్ పక్కన ఎప్పుడూ ఉండేదే, ఫోన్ నంబర్లు అనుకునేదాన్ని. అందులో ఆయన చేత్తో పెద్ద అక్షరాలతో రాసి ఉంది, పెద్దమనవడు ఫలానా, ఇంటర్వ్యూ అయింది, ఏమైందని అడుగు. చిన్నది, ఈ నెలాఖరుకి పరీక్షలు. అల్లుడికి మోకాలు నొప్పి. పోయినవారం చెప్పిన కబుర్లకి అడ్డగీత కొట్టేసి కింద కొత్తవి. ఆదివారం ఫోన్ వచ్చే ముందు ఆవిడ ఒళ్ళో అది తెరిచి పెట్టేవారట. వదినకి వినపడిన "అమ్మకి అన్నీ గుర్తున్నాయి" అదన్నమాట. మావారు అక్కడే ఏడ్చేశారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఉన్నమాట చెప్తున్నా, ఆ డైరీ ఉన్నంతకాలం దొంగ అనిపించుకున్నది నేను కదా. తర్వాత అడిగా మామయ్యని. "పిల్లల ముందు చులకన అవుతుందని చేశానమ్మా, నీ దాకా వస్తుందనుకోలేదు" అన్నారు. ఆ మాట ఇంకా పూర్తిగా దిగలేదు నాకు.

ఆగస్టులో ఎంఆర్ఐ. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంటారు కదా, ఆవిడ ఉంగరం ఒకటి ఎన్నేళ్ళ నుంచో తీసింది లేదు, వేలు వాచి బిగిసిపోయింది. సబ్బునీళ్ళు, నూనె, చివరికి దారం చుట్టి లాగితే వచ్చింది, ఆ పనికే అరగంట. ఇవన్నీ ముందురోజే ఇంట్లో చూసుకోండి. లోపల ఆ ధనధనమనే చప్పుడుకి భయపడి మధ్యలో లేచిపోబోయారు, అప్పుడు నన్ను లోపలికి రానిచ్చారు, కాలి మడమ పట్టుకుని నిలబడ్డా మొత్తంసేపు. రిపోర్టు రావడానికి, మళ్ళీ డాక్టర్ దొరకడానికి నెల. సెప్టెంబర్‌లో చెప్పారు, జ్ఞాపకాలు నిలబెట్టే హిప్పోకాంపస్ అనే భాగం రెండువైపులా కుంచించుకుపోయింది, చిన్న రక్తనాళాల్లో మార్పులు కూడా ఉన్నాయి, ఆల్జీమర్స్‌తో పాటు అదీ కలిసి ఉంది అని. దొంగతనం అనుమానం ఈ జబ్బులో చాలా మామూలు లక్షణమట. పెట్టిన చోటు గుర్తు ఉండదు, తను మర్చిపోయానన్న స్పృహా ఉండదు, ఆ ఖాళీని మెదడు ఏదో ఒక కథతో పూడ్చేస్తుంది, ఎక్కువగా దగ్గరుండి చేసేవాళ్ళ మీదకే వస్తుంది అన్నారు. ఈ ఒక్క ముక్క ఏడాదిన్నర క్రితం ఎవరైనా చెప్పుంటే!

మందు డొనెపెజిల్, 5 ఎంజి. గుండె వేగం తగ్గిస్తుందని ముందు ఈసీజీ తీశారు. రాత్రి వేసుకోమన్నారు, వేస్తే భయంకరమైన కలలు, అర్ధరాత్రి అరుపులు. ఫోన్ చేస్తే పొద్దున్నకి మార్చుకోమన్నారు, రెండు రోజుల్లో సర్దుకుంది. మొదటి రెండు వారాలు విరేచనాలు, అన్నం సహించకపోవడం ఉన్నాయి, తర్వాత తగ్గాయి. నెలన్నరకి 10 చేశారు. ఇది నయం చెయ్యదు, కొంతకాలం ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతుందేమో చూడాలి, అందరికీ పనిచెయ్యదు అని డాక్టర్ ముందే స్పష్టంగా చెప్పారు. నిజానికి మార్పు ఏమన్నా ఉందా అంటే నాకు తెలీదు, మామయ్య ఉందంటారు. అదే రోజు డాక్టర్ ఇంకో మాట కూడా అన్నారు, బ్యాంకు కాగితాలు, నామినీలు, వీలునామా లాంటివి ఏమన్నా ఉంటే ఆవిడకి అర్థమవుతున్నప్పుడే, ఆవిడ ఇష్టప్రకారం చూసుకోండి అని. మంచి సలహానే. కానీ మావారు ఆ మాట ఫోన్లో అనగానే వదినకి ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోండి. "ఓహో, అమ్మకి పిచ్చి అని రాయించి ఆస్తి రాయించుకుంటారా" అంది. రెండు వారాలు ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు.

వదిన డిసెంబర్‌లో వచ్చింది. నాతో ఒక్క మాట లేదు. మొదటి రెండు రోజులు అత్తయ్య బ్రహ్మాండంగా ఉన్నారు, కూతురొచ్చిందని ఉత్సాహం. వదిన నా వైపు చూసిన చూపులు ఇప్పటికీ మర్చిపోలేను. నాలుగో రోజు మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి "అమ్మాయ్, మీ వదిన బీరువా చుట్టూ తిరుగుతోంది, తాళాలు కనపడట్లేదు. అడిగితే దానికి కోపమొస్తుంది. నువ్వు ఇంట్లోదానివి, నువ్వే మెల్లగా అడుగు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తలుపు అవతలే వదిన నిలబడి ఉంది, మొత్తం వింది. ఆ రాత్రి బాల్కనీలో నా పక్కన వచ్చి కూర్చుని "నన్ను ఒక్కసారి అంటేనే ప్రాణం పోయింది" అంది. అంతే, సారీ గీరీ ఏం లేదు, మాకు అలాంటివి అలవాటూ లేవు. మర్నాడు తనే షాపుకెళ్ళి ఆ బీరువా తాళానికి డూప్లికేట్లు చేయించుకొచ్చింది, తలో సెట్టూ. అప్పటి నుంచి తాళం పోయిందంటే వెతికే పని లేదు, డూప్లికేట్ తెచ్చి "ఇదుగో, దొరికింది" అంటాం. గొడవ సగం తగ్గింది. ఇంత చిన్న పని మాకెందుకు తట్టలేదో!

వదినే ఆల్జీమర్స్‌కి వచ్చిన కొత్త ఇంజెక్షన్ల గురించి ఎక్కడో చూసి డాక్టర్‌ని అడిగింది. అవి మరీ తొలి దశ వాళ్ళకే, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుని ఉందని వేరే పరీక్షలతో తేలాలి, మధ్యమధ్యలో ఎంఆర్ఐలు తీస్తూ ఉండాలి, వాపు గానీ రక్తస్రావం గానీ వచ్చే ప్రమాదం ఉంది, అత్తయ్య స్కాన్‌లో ఇప్పటికే చిన్న చిన్న రక్తపు మచ్చలు చాలా ఉన్నాయి కాబట్టి వద్దన్నారు. అడిగింది కాబట్టి ఆ ఆశ కూడా తేలిపోయింది, మంచిదే.

2025 ఫిబ్రవరిలో ఒక్కసారిగా దిగజారిపోయారు. రెండు రోజుల్లో మనిషి మారిపోయారు, గదిలో ఎవరో పిల్లలు ఆడుతున్నారని, మామయ్యని ఎవరు నువ్వు అని, పగలంతా మగత. ఇక చివరి దశే అనుకుని వదినని రమ్మన్నాం కూడా. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఇంత త్వరగా మారితే అది డిమెన్షియా (ఆల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ముదరడం కాదు, ముందు యూరిన్ టెస్ట్ చేయించండి అన్నారు. యూరిన్ ఇన్ఫెక్షన్! జ్వరం లేదు, మంట అని చెప్పలేదు, ఏమీ లేదు. యాంటీబయాటిక్స్ పడ్డాక వారం పదిరోజుల్లో చాలావరకు మామూలయ్యారు, పూర్తిగా మునుపటిలా మాత్రం కాలేదు. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళున్నవాళ్ళు దయచేసి ఇది గుర్తుంచుకోండి, రెండు మూడు రోజుల్లో వచ్చిన మార్పుని జబ్బు ముదిరింది అని వదిలేయకండి.

ఇప్పుడు సాయంత్రాలే కష్టం. పొద్దు వాలుతుంటే "ఇంటికి వెళ్దాం పదండి" అని మొదలుపెడతారు. ఇదే మన ఇల్లు అని మామయ్య వాదిస్తారు, ఫొటోలు చూపిస్తారు, ఇప్పుడే చెప్పానుగా అంటారు, ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. నేను సరే పదండి అని చెప్పులేసుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి తిప్పుకొస్తా, గేటు కనపడగానే అమ్మయ్య వచ్చేశాం అంటారు. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేస్తే కూడా కాస్త నయం. మామయ్య ఇలా చెయ్యరు, దానికి అబద్ధం చెప్పడం నావల్ల కాదు అంటారు. రెండేళ్ళు డైరీ రాసిన మనిషి ఈ మాట అంటే ఏమనాలి, ఊరుకుంటా. ఆయనకి 80 దాటాయి, రాత్రిళ్ళు ఆవిడ లేచినప్పుడల్లా లేస్తున్నారు, బరువు తగ్గిపోయారు. మొన్న రివ్యూలో డాక్టర్ ఆవిడ కంటే ఈయన గురించే ఎక్కువసేపు అడిగారు.

ప్రస్తుతానికి గొడవ రాత్రికి మనిషిని పెట్టాలా వద్దా అన్నదాని మీద. వదిన సగం ఇస్తానంది, మావారు సరేనన్నారు, మామయ్య బయటి మనిషి గదిలో పడుకుంటే ఊరుకోనన్నారు. అత్తయ్యని అడిగితే "మీ మామయ్యని చూసుకోవడానికా? పెట్టండి, పాపం ఆయనకి ఈమధ్య ఏమీ గుర్తుండట్లేదు" అన్నారు. ఆ వంక మీదే వచ్చే వారం నుంచి ఒకావిడ వస్తోంది, పేరుకి మామయ్య కోసం, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.